లెన్స్‌కి నీళ్ళు తగలకూడదు

కంట్లో ఏది పడినా మన ఇళ్ళలో మొదట వినపడే మాట "నీళ్ళు కొట్టుకో" అనే. దుమ్ము పడ్డా, ఎండలోంచి వచ్చాక కళ్ళు మండినా, పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకున్నా, దోసిట్లో నీళ్ళు పట్టి కళ్ళు కడుక్కుంటాం. చిన్నప్పట్నుంచీ చేతికి అలవాటైపోయిన పని ఇది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజునుంచి, లెన్స్ కంట్లో ఉన్నంతసేపూ ఈ పని మానుకోవాలి. నేను పదేళ్ళకు పైగా నెలనెలా మార్చే లెన్సులు వాడుతున్నాను. కొత్తగా తీసుకుంటున్నాం, ఏం జాగ్రత్తలు చెప్తావని ఎవరడిగినా పవర్ సంగతీ కంపెనీ సంగతీ పక్కనపెట్టి ముందు నీళ్ళ సంగతే చెప్తాను, ఎందుకంటే ఆ ఒక్క విషయం షాపులో ఎవరూ గట్టిగా చెప్పరు.

మన కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో, మేడ మీది ట్యాంకులో, స్విమ్మింగ్ పూల్‌లో, చెరువులో, ఆఖరికి మట్టిలో కూడా అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. రోజూ మన ముఖానికి తగులుతూనే ఉంటుంది, ఏమీ కాదు. కానీ లెన్స్ మీద అంటుకుని నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, గంటల తరబడి ఒరుసుకుంటూ కూర్చునే అవకాశం దొరికితే సంగతి వేరు. ఆ పొర మీద కంటికి కనపడని చిన్న గీత ఉన్నా చాలు, అందులోంచి లోపలికి దిగుతుంది. పరిస్థితి బాగోలేకపోతే తన చుట్టూ రెండు పొరల గోడ కట్టుకుని గుల్లలా మారి పడి ఉంటుంది, మందు ఆపగానే మళ్ళీ లేస్తుంది. అందుకే ఈ ఇన్ఫెక్షన్‌కి వైద్యం నెలల తరబడి సాగుతుంది, మొదట్లో గంటగంటకీ చుక్కలు వేయాల్సి వస్తుంది, తగ్గాక కూడా కంట్లో పువ్వు మిగిలిపోవచ్చు.

పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బుతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లెన్స్ వాడేవాళ్ళే. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన రోగులను గమనిస్తే మాత్రం ఇక్కడ ఎక్కువమంది జన్మలో లెన్స్ ముట్టనివాళ్ళు, కంటికి దెబ్బ తగిలినవాళ్ళు, మురికి నీళ్ళో మట్టో కంట్లో పడినవాళ్ళు. నాకు ఇందులో కనిపించేది ఏంటంటే, లెన్స్ లేకుండానే ఈ అమీబాతో ఇబ్బంది పడుతున్న నేల మనది, ఇక లెన్స్ పెట్టుకుని అదే నీళ్ళు కంట్లో కొట్టుకుంటే ఎలా?

కాబట్టి స్నానం అయ్యాకే లెన్స్ పెట్టుకోవాలి, తలంటుకునే ముందు తీసేయాలి, ఈతకి వెళ్తే అసలు పెట్టుకోకూడదు. చేతులు సబ్బుతో కడుక్కున్నాక తడి పూర్తిగా తుడుచుకుని అప్పుడే లెన్స్ ముట్టుకోవాలి, ఆ తడి చుక్క చాలు నీళ్ళు లెన్స్ మీదికి చేరడానికి. దీనికి ఒక మినహాయింపు ఉంది. సున్నమో, యాసిడో, బాత్రూమ్ క్లీనరో కంట్లో చిందితే లెన్స్ ఉందా లేదా అని చూడకుండా వెంటనే ధారగా నీళ్ళతో కడగాలి, కడుగుతూనే లెన్స్ తీసేయాలి, ఆ వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

లెన్స్ కన్నా లెన్స్ డబ్బా ఎక్కువ మురికిగా ఉంటుంది. ఒకసారి మీ డబ్బా అడుగున వేలితో రాసి చూడండి, జారుడుగా, నాచు పట్టిన తొట్టిలా అనిపిస్తే అది బ్యాక్టీరియా కట్టుకున్న పొర. అమీబాకి ఆ బ్యాక్టీరియాయే తిండి. లెన్స్‌ని కడిగి నానబెట్టే ద్రవాన్ని సొల్యూషన్ అంటారు. చాలామంది రాత్రి డబ్బాలో మిగిలిన పాత సొల్యూషన్ మీదే నాలుగు చుక్కలు కొత్తది పోసి ఊరుకుంటారు, సీసా ఎక్కువ రోజులు వస్తుందని. 2006 మేలో ఒక సొల్యూషన్‌ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఫ్యూజేరియం అనే బూజు వల్ల ఎంతోమంది నల్లగుడ్డు మీద పుండ్లు పడ్డాయి. ఆ పరిశోధనల్లో సొల్యూషన్‌తో పాటు బయటపడిన అలవాటు ఇదే, పాతదాని మీద కొత్తది పోయడం. సొల్యూషన్‌లో క్రిములను చంపే మందు చాలా పలచగా ఉంటుంది, కంటికి తగిలినా మండకూడదు కదా. కొన్నిట్లో వాడే పీహెచ్ఎంబీ అనే మందు 0.0001 శాతమే ఉంటుంది. అదే మందును అకాంతమీబా వైద్యానికి కంటి చుక్కలుగా వాడేటప్పుడు 0.02 శాతం వేస్తారు, అంటే రెండువందల రెట్లు. అంత పలచటి మందు ఒక రాత్రి పని చేసి అలిసిపోయాక రెండో రాత్రికి దాన్నే నమ్ముకోవడం తప్పు.

నేను చేసేది చెప్తాను. లెన్స్ తీసి అరచేతిలో పెట్టుకుని, సొల్యూషన్ పోసి, వేలితో ఒకే వైపుకి మెల్లగా రెండు పక్కలా రుద్దుతాను, సీసా మీద రుద్దక్కర్లేదని రాసి ఉన్నా సరే. రుద్దడం వల్లే సగం మురికి పోతుంది. మళ్ళీ సొల్యూషన్‌తో కడిగి, కొత్త సొల్యూషన్ నింపిన డబ్బాలో వేస్తాను. పొద్దున లెన్స్ పెట్టుకున్నాక డబ్బాలోది పారబోసి, సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూ కాగితం మీద బోర్లించి ఆరబెడతాను, మూతలు కూడా. నెలకో కొత్త డబ్బా. సెలైన్ అని అమ్మే ఉప్పునీటి సీసా కడగడానికే పనికొస్తుంది, అది క్రిములను చంపదు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసి తీసుకోండి.

ఇక లెన్స్ సంగతి. మెత్తటి లెన్స్ పుట్టింది ప్రాగ్‌లో ఒక ఇంట్లో. ఒట్టో విఖ్టెర్లే అనే చెక్ రసాయన శాస్త్రవేత్త, నీళ్ళు పీల్చుకుని మెత్తబడే హెమా అనే ప్లాస్టిక్‌ని తన సహచరుడు ద్రహోస్లావ్ లీమ్‌తో కలిసి తయారుచేశాడు. దాన్ని పలచటి లెన్స్‌గా మలచడం మాత్రం కుదరలేదు, ప్రభుత్వం కూడా ఆ పనికి మద్దతు ఆపేసింది. 1961 క్రిస్మస్‌కి ఆయన ఇంట్లోనే కొడుకు ఆడుకునే మెర్కూర్ అనే ఇనపముక్కల బొమ్మల సెట్టూ, సైకిల్ డైనమో వాడి ఒక చిన్న యంత్రం బిగించాడు. గుండ్రంగా తిరిగే అచ్చులో ద్రవం పోస్తే అది అంచులకు పాకి గట్టిపడి లెన్స్ అయింది. పదేళ్ళకు, 1971లో, అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చింది. కంట్లో ఉన్నట్టే తెలియని లెన్స్ ప్రపంచానికి దొరికింది.

కానీ కార్నియాకి రక్తనాళాలు ఉండవు, ఉంటే మనకు చూపు మసకబారేది. దానికి ఆక్సిజన్ నేరుగా గాలిలోంచి, కన్నీటి పొరలో కరిగి అందాలి. మధ్యలో లెన్స్ అడ్డం పెడితే ఆ లెన్స్ గుండానే రావాలి. హెమా లెన్స్‌లో ఆక్సిజన్ నీటి ద్వారానే వెళ్తుంది, అందులో నీరు 38 శాతమే. బ్రయన్ హోల్డెన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 1984లో ఒక లెక్క తేల్చాడు. లెన్స్ గుండా ఆక్సిజన్ ఎంత వెళ్తుందో చెప్పే డీకే బై టీ అనే అంకె, పగలు పెట్టుకోవడానికి కనీసం 24, రాత్రి పెట్టుకుని పడుకోవాలంటే 87 ఉండాలని. (ఆ హోల్డెన్ పేరు మీదే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ సంస్థలో పరిశోధన కేంద్రం ఉంది.) హెమా లాంటి నీళ్ళు పీల్చే ప్లాస్టిక్‌తో చేసిన మామూలు హైడ్రోజెల్ లెన్సులు 40 కూడా దాటవు. 1999లో సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాకే ఆ అంకె నూరు దాటింది, ఎందుకంటే వాటిలో ఆక్సిజన్ నీటికోసం చూడకుండా సిలికాన్ గుండా వెళ్ళిపోతుంది. ఇప్పుడు నెలవారీ లెన్సుల్లో చాలావరకు ఇవే. పెట్టె మీద చూసి ఇదే తీసుకోండి, రోజుకు పది పన్నెండు గంటలు పెట్టుకునేవాళ్ళు మరీను.

ఆక్సిజన్ సరిపోతే ఇన్ఫెక్షన్లు కూడా తగ్గుతాయని అందరూ ఆశపడ్డారు. తగ్గలేదు. 2008లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, రాత్రి తీసేసే మామూలు మెత్తటి లెన్సులు వాడేవాళ్ళలో ఏడాదికి పదివేలమందిలో 1.9 మందికి కార్నియా ఇన్ఫెక్షన్ వస్తే, పెట్టుకునే పడుకునేవాళ్ళలో 19.5 మందికి వచ్చింది. సిలికాన్ హైడ్రోజెల్ పెట్టుకుని పడుకున్నవాళ్ళలోనూ 25.4. కన్ను మూసుకుంటే రెప్ప ఆర్పడం ఆగిపోతుంది, లెన్స్ కింద కన్నీరు కదలకుండా నిలవ ఉంటుంది, చేరిన క్రిములు అక్కడే స్థిరపడతాయి. నెలరోజులూ రాత్రీపగలూ పెట్టుకోవచ్చని అనుమతి ఉన్న లెన్సులు ఉన్నాయి. అయినా పెట్టుకుని పడుకోవద్దనే నా మాట.

ఒకసారి నైట్ బస్సులో లెన్సులతోనే నిద్రపోయాను, సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు తీద్దామనుకుని. తెల్లారి విజయవాడలో దిగేసరికి కుడి కన్ను ఎర్రగా ఉంది, లెన్స్ కంటికి అంటుకుపోయి కదలట్లేదు. లాగి తీసుంటే పైపొర చీరుకునేది. లెన్స్ వాడేవాళ్ళకోసం అమ్మే చుక్కల మందు వేసుకుని, కళ్ళు ఆర్పుతూ పావుగంట కూర్చున్నాక అది కదిలింది. రెండు రోజులు వెలుతురు చూడలేకపోయాను. అప్పట్నుంచీ బస్సు ఎక్కేముందే తీసేస్తాను.

ఎంచుకునేటప్పుడు కళ్ళజోడు నంబరు చూసి ఆన్‌లైన్‌లో కొనేయకండి. కళ్ళజోడు అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే ఉంటుంది, అందుకే నంబరు నాలుగు దాటినవాళ్ళకు పవర్ మారుతుంది. కళ్ళజోడుకి మైనస్ 6 ఉంటే లెన్స్‌కి మైనస్ 5.50 సరిపోతుంది. పెట్టె మీద బీసీ అని 8.4, 8.6 లాంటి అంకె ఉంటుంది, అది లెన్స్ వంపు. డయా అంటే వెడల్పు, 14 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. వంపు బిగుతైతే లెన్స్ కదలదు, వదులైతే జారుతుంది, రెప్ప ఆర్పినప్పుడు కొంచెం కదిలి మళ్ళీ కుదురుకోవాలి. ఇది కంటి డాక్టరో ఆప్టోమెట్రిస్టో ట్రయల్ లెన్స్ పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తేనే తెలుస్తుంది. పెళ్ళిళ్ళకి ఫ్యాన్సీ షాపుల్లో కొనే పవర్ లేని రంగు లెన్సులకీ ఇవన్నీ వర్తిస్తాయి, ఒకరివి ఒకరు పెట్టుకోవడం అసలు వద్దు.

లెన్స్ తిరగబడిందా లేదా అన్నది కొత్తవాళ్ళకు పెద్ద టెన్షన్. రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కండి, అంచులు రెండూ లోపలికి వంగి కజ్జికాయలా దగ్గరకొస్తే సరిగ్గా ఉన్నట్టు, బయటికి విచ్చుకుని వేళ్ళ మీదికి వాలితే తిరగబడినట్టు. వంటకి ముందే లెన్స్ పనులు ముగించుకోండి. పచ్చిమిరపకాయలు తరిగిన చేతిని ఒకసారి సబ్బుతో కడిగినా ఆ ఘాటు నూనె పోదు. కాటుక లెన్స్ పెట్టుకున్నాక, రెప్ప బయట మాత్రమే.

నెల లెక్క సీల్ విప్పిన రోజునుంచి మొదలవుతుంది. పదిహేను రోజులే వాడాను, ఇంకో పదిహేను మిగిలాయి అనే లెక్క కుదరదు, డబ్బాలో ఉన్నా రోజులు నడుస్తూనే ఉంటాయి. కన్నీటిలోని ప్రొటీన్లూ కొవ్వూ దాని మీద పేరుకుంటాయి, బాగానే కనిపిస్తోంది కదా అనిపించినా సరే తీసేయాలి. నేను సీల్ విప్పిన తేదీ పెట్టె మీద స్కెచ్‌పెన్‌తో రాస్తాను. నెలకి నాలుగైదుసార్లే పెట్టుకునేవాళ్ళకు ఒక్కరోజు వాడి పారేసే రోజువారీ లెన్సులే మేలు.

కన్ను ఎర్రబడి, నొప్పి ఉండి, వెలుతురు చూడలేకపోతుంటే, చూపు మసకగా ఉంటే వెంటనే లెన్స్ తీసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కళ్ళ కలకేమో అని మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే బూజు ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. తీసిన లెన్స్‌నీ, డబ్బానీ పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, అందులో ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పరీక్షించి చూస్తారు. అలాగే ఇప్పటి నంబరుతో ఒక కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లో సిద్ధంగా ఉంచుకోండి. ఎర్రబడిన కంట్లో లెన్స్ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు చాలామంది అలా వెళ్ళేది, పెట్టుకోవడానికి కళ్ళజోడు లేక.