కాంటోనీస్ జాతీయాలు: అపోహలు - వాస్తవాలు

హాంకాంగ్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు అక్కడి చైనా భాష కాంటోనీస్ చెబుతుంటాను. మాట్లాడటం కాస్త వచ్చాక అందరి చూపూ 'సింగ్ యూ'ల మీద పడుతుంది. ఎక్కువగా నాలుగక్షరాల జాతీయాలవి. అర్థాలు బట్టీ పట్టేస్తారు కానీ ఎవరు ఎవరితో అనాలో పట్టించుకోరు.

అపోహ: అర్థం తెలిస్తే వాడేయొచ్చు.

వాస్తవం: కొన్ని మన గురించి మనమే అనుకోవాలి. 'పావ్ జ్యూన్ యన్ యుక్' అంటే ఇటుక విసిరి విలువైన జేడ్ రాయి రాబట్టడం. "ముందు నాకు తోచిందేదో చెబుతా, తర్వాత మీరు మంచివి చెప్పండి" అనే వినయం అది. మేనేజర్ మాట్లాడాక మెచ్చుకోలుగా ఆయనతో ఈ మాటంటే, ఆయన చెప్పింది ఇటుకరాయి అన్నట్టే! 'పుంగ్ బట్ సంగ్ ఫై' కూడా అంతే. మీరొచ్చాక మా గుడిసె వెలిగిపోయిందని ఇంటివాళ్లు అతిథితో అంటారు. భోజనానికి వెళ్లిన మనం అనకూడదు. వాళ్లు కోట్లు పోసి కొనుక్కున్న ఫ్లాటది.

అపోహ: ఇవి కాంటోనీస్‌కే సొంతం.

వాస్తవం: చాలావరకు ప్రాచీన చైనా గ్రంథాల నుంచి వచ్చినవే. చైనా అధికార భాష మాండరిన్‌లోనూ ఉంటాయి, పలికే తీరే వేరు.

అపోహ: వాడుక నానుడి తీసేసి సింగ్ యూ పెడితే మర్యాద పెరుగుతుంది.

వాస్తవం: ఇద్దరి మాటా ఒకరికొకరికి అర్థం కాకపోతే వాడుకలో 'గై తుంగ్ ఆప్ గాంగ్' అంటారు, కోడి బాతుతో మాట్లాడినట్టని. తప్పు ఎవరిదీ కాదు, నవ్వేసుకుంటారు. దాని బదులు 'దొయ్ ఙావ్ తాన్ కమ్' అనే సింగ్ యూ అన్నారనుకోండి, ఆవు ముందు వీణ వాయించినట్టని అర్థం. మన చెవిటివాడి ముందు శంఖంలాగే ఎదుటివాడికి తగులుతుంది. మర్యాద సంగతి దేవుడెరుగు, స్నేహం చెడుతుంది.

అపోహ: ఎన్ని గుప్పిస్తే అంత గొప్ప.

వాస్తవం: మామూలు మాటల్లో ఒకటి చాలు. వరసపెట్టి అనాల్సింది చాంద్రమాన కొత్త సంవత్సరానికే. అప్పుడూ మనిషిని చూసే అనాలి: పెద్దవాళ్లకు 'లుంగ్ మా జింగ్ సన్' (మంచి ఓపికతో ఉండాలని), చదువుకునే పిల్లలకు 'హాక్ యిప్ జొన్ బో' (చదువులో ముందుకెళ్లాలని), కొట్టు యజమానికి 'సాంగ్ యీ హింగ్ లుంగ్' (వ్యాపారం బాగా సాగాలని).

అపోహ: అక్కడివాళ్లు తప్పు వాడరు.

వాస్తవం: 'చా కెంగ్ యన్ యీ' అసలు అర్థం "పర్వాలేదు, సరిపెట్టుకోవచ్చు" అని. "బాగాలేదు" అనే అర్థంలో వాడేసేవాళ్లు చాలామంది. మీరు సరిగ్గా రాసినా చదివేవాళ్లు తిరగేసి అర్థం చేసుకోవచ్చు. కాబట్టి ఆఫీసు మెయిల్లో దీని జోలికి పోకండి.