పెద్ద బ్రేకులు వేస్తే కారు తొందరగా ఆగుతుందా?

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ల చూపు ముందుగా పడేది చక్రం సందుల్లోంచి కనిపించే ఎర్రటి పెద్ద కాలిపర్ల మీద. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని (డిస్కును) రెండు వైపులా ప్యాడ్లతో అదిమి పట్టే భాగమే కాలిపర్. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ ఒక్కసారి బ్రేకు గట్టిగా తొక్కితే, కంపెనీ బిగించిన మామూలు బ్రేకులే చక్రాన్ని లాక్ చేసేంత బలంగా పట్టేస్తాయి. చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ అడ్డుపడేది అప్పుడే. ఆపైన కారును ఆపాల్సింది టైరే. రోడ్డు మీద రబ్బరుకు పట్టు లేనప్పుడు కాలిపర్‌లో ప్యాడ్లను నెట్టే పిస్టన్లు రెండున్నా ఆరున్నా ఒకటే.

పెద్ద బ్రేకుల అసలు పని వేడిని తట్టుకోవడం. మాజ్డా ఎమ్ఎక్స్-5 లాంటి చిన్న కారు బరువు 1,000 కిలోలు అనుకుందాం. గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 870 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి అందులో దాదాపు 70 శాతం ముందు చక్రాల వంతు. ముందు డిస్కులు ఒక్కోటి 5 కిలోల ఇనుమైతే, ఒక్కసారి ఆపేసరికే వాటి వేడి దాదాపు 130 డిగ్రీలు పెరుగుతుంది. రోడ్డు మీదైతే చల్లారడానికి తీరిక ఉంటుంది. ట్రాక్ మీద ఆలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో 1953లో జాగ్వార్ సి-టైప్ గెలుపుకు డిస్క్ బ్రేకులు బాగా కలిసొచ్చాయి. మూసి ఉండే డ్రమ్ము బ్రేకు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, డిస్కుకు గాలి నేరుగా తగులుతుంది.

ట్రాక్ వేడిని తట్టుకోవాలంటే మొదట మార్చాల్సింది చవకైన వస్తువే: పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం, బ్రేక్ ఫ్లూయిడ్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కితే నలిగిపోతుంది. పెడల్ నేలను తాకుతుంది, కారు మాత్రం ఆగదు. అంతకు మించిన టెన్షన్ ఇంకేముంటుంది?

తర్వాత ప్యాడ్లు. పక్కా రేసు ప్యాడ్లు మాత్రం వేడెక్కితే గానీ సరిగా పట్టవు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే కారుకు అవి దండగ.

అప్పటికీ చాలకపోతే పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు. లెక్క చూసుకోకుండా ముందు చక్రాలకే పెద్దవి బిగిస్తే ముందు టైర్లు తొందరగా లాక్ అవుతాయి, వెనక బ్రేకులు చేయాల్సిన పని మిగిలిపోతుంది. అంత ఖర్చు పెట్టాక కారు ఇంకాస్త ఎక్కువ దూరం పోయి ఆగినా ఆశ్చర్యం లేదు.