పసిపాప కిడ్నీ పెద్దవారికి సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

కిడ్నీ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి ఫోను చేసి, దాత చనిపోయిన చిన్న పాప అని చెబితే అవతలి నుంచి కాసేపు మాట రాదు. తేరుకున్నాక అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: అంత చిన్న కిడ్నీ పెద్ద ఒంటికి ఏం చాలుతుంది?

కిడ్నీ సత్తా పొడవులో లేదు, రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లలో ఉంది. ఒక్కో కిడ్నీలో ఇవి సగటున 10 లక్షల దాకా ఉంటాయి. గర్భంలో 36 వారాలు నిండేసరికే దాదాపు అన్నీ ఏర్పడిపోతాయి. పుట్టాక కొత్తవి రావు, ఉన్నవే పెద్దవవుతాయి. నవజాత శిశువు కిడ్నీ 4, 5 సెంటీమీటర్లే ఉన్నా నెఫ్రాన్ల లెక్కలో అది నిండు కిడ్నీయే. 60 ఏళ్ల దాత కిడ్నీ 10, 11 సెంటీమీటర్లు ఉండవచ్చు గానీ, అందులో ఎన్నో నెఫ్రాన్లు అప్పటికే రాలిపోయి ఉంటాయి.

పెద్దవారి ఒంట్లో రక్తప్రవాహం ఎక్కువ కాబట్టి చిన్న కిడ్నీ చకచకా ఎదుగుతుంది. కొన్ని వారాల్లోనే స్కానింగులో తేడా కనిపిస్తుంది. క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన రక్తంలోని వ్యర్థం) మాత్రం నెమ్మదిగా దిగవచ్చు. మొదటి వారం అంకె చూసి బెంగపడకండి.

అపోహ: పాప కిడ్నీలు రెండూ ఒక్కరికే పెట్టడం దుబారా.

దాత మరీ చిన్నదైతే, అంటే సుమారు 15 కిలోల లోపు ఉంటే, రెండు కిడ్నీలనూ విడదీయకుండా బృహద్ధమని, ప్రధాన సిరల ముక్కలతో సహా తీస్తాం. ఆ నాళాల పైకొసలు కుట్టి మూసేసి, కింది కొసలను రోగి తుంటి దగ్గరి రక్తనాళాలకు కలుపుతాం. దారం లాంటి కిడ్నీ ధమనిని విడిగా కుట్టడం కంటే ఇది క్షేమం. దాత ఇంకాస్త పెద్దయితే ఒక్కొక్కటి చొప్పున ఇద్దరికి ఇవ్వవచ్చు. ఏ బరువు దగ్గర గీత గీయాలన్నది మా సర్జన్ల మధ్య ఇంకా తెగని వాదన. నేనైతే తక్కెడ కంటే కిడ్నీ పొడవునే ఎక్కువ నమ్ముతాను.

అపోహ: పసివారి అవయవాన్ని పెద్ద ఒళ్లు తిరస్కరిస్తుంది.

రోగనిరోధక వ్యవస్థ దాత వయసు చూడదు. బ్లడ్ గ్రూపు, కణజాల పరీక్షలు, జీవితాంతం వాడే మందులు అందరికీ ఒకటే.

అసలు భయం వేరే ఉంది, దాన్ని ఎవరూ అడగరు. సన్నని రక్తనాళాలు కాస్త మెలిక పడినా లోపల రక్తం గడ్డకడుతుంది, కిడ్నీ పోతుంది. ఇది ఎక్కువగా తొలి రోజుల్లోనే జరుగుతుంది. అందుకే మొదట్లో పదేపదే డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) చేస్తాం, రక్తపోటు మరీ పడిపోకుండా, మరీ పెరగకుండా కాపలా కాస్తాం. చిన్న కిడ్నీపై ఒత్తిడి ఎక్కువైతే మూత్రంలో ప్రోటీను పోతుంది కాబట్టి, బరువు తక్కువున్న రోగులను ఎంచుకోవడానికే మొగ్గుతాం. ఈ గండం దాటిన జంట కిడ్నీలు సజీవ దాత ఇచ్చిన కిడ్నీకి తీసిపోకుండా పనిచేస్తాయి.

అపోహ: పిల్లల కిడ్నీలు పిల్లలకే దక్కాలి.

న్యాయంగానే తోస్తుంది. కానీ చిన్న నాళాన్ని చిన్న నాళానికే కుడితే గడ్డకట్టే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే చంటిపిల్లలకు చాలాచోట్ల పెద్దవారి కిడ్నీయే పెడతారు.

ఇక మీ పాత కిడ్నీలంటారా, ఇబ్బంది పెడితే తప్ప వాటిని తీయం. కాబట్టి మీరు జంట కిడ్నీలు అందుకుంటే, ఎక్కడ స్కానింగుకు వెళ్లినా ముందే చెప్పండి: మీకు నాలుగు కిడ్నీలు, పనిచేసే రెండూ పొత్తికడుపులో ఒకే పక్కన ఉన్నాయని.