వరి మడిలో వంతులవారీ శ్వాస

నాట్లేసి నెల దాటిన వరి మడిలో కాలు పెడితే బురదలోంచి బుడగలు వస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు ఇది. దాన్ని తయారు చేసేవి మట్టిలోని ఆర్కియా అనే సూక్ష్మజీవులు. ఇవి పైకి బ్యాక్టీరియాలా కనిపిస్తాయి గానీ వీటి వంశమే వేరని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ తేల్చారు.

దమ్ము చేసి నీళ్లు నిలిపాక మట్టికి గాలి దాదాపు అందదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఉన్న కాస్తా ఖర్చయ్యాక సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు వేరే పదార్థాలతో వంతులవారీగా శ్వాసిస్తాయి. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీసు, తుప్పు రూపంలోని ఇనుము, ఆపైన సల్ఫేట్ వాడేవి. వీటికి శక్తి ఎక్కువ దక్కుతుంది. అందుకే మట్టిలో కుళ్లే పదార్థాల నుంచి వచ్చే మేతను, అంటే హైడ్రోజన్‌నూ అసిటేట్‌నూ, ఇవే ఊడ్చుకుని ఆర్కియాను పస్తు పెడతాయి. ఇనుము, సల్ఫేట్ తరిగాకే ఆర్కియాకు మేత దొరుకుతుంది, మీథేన్ ఊపందుకుంటుంది.

నిజానికి బుడగల్లో పోయేది కొంతే. మీథేన్‌లో 90 శాతం దాకా వరి కాడల్లోని గాలి గొట్టాల గుండానే బయటపడుతుంది. అవే గొట్టాలు వేళ్లకు ఆక్సిజన్ చేరవేస్తాయి. వేళ్ల అంచున కాపురముండే మరో జాతి బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌తో కొంత మీథేన్‌ను తినేస్తుంది.

మడిని ఆరనిచ్చి మళ్లీ తడిపే ఆరుతడి పద్ధతి పనిచేసేది ఈ వంతుల మీదే. మడి ఆరితే ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. తిరిగి నీళ్లు పెట్టినా ఆ తుప్పు ఖర్చయ్యేదాకా ఆర్కియా ఆగాల్సిందే. మీథేన్ సుమారు 30 నుంచి 50 శాతం తగ్గుతుంది.

మళ్లీ ఎప్పుడు నీళ్లు పెట్టాలో చూసుకోవడానికి 30 సెం.మీ. పొడవు పీవీసీ గొట్టం చాలు. వ్యాసం 10–15 సెం.మీ. ఉండాలి. కింది సగానికి చిల్లులు వేసి, ఆ సగం భూమిలోకి దిగేలా పాతి, లోపలి మట్టి తీసేయాలి. మడిలో మెరక మీద పెడితే కొలత తప్పుతుంది. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టి, గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెం.మీ. నీరు పెట్టాలి. కలుపు ఎక్కువుంటే మరో రెండు మూడు వారాలు ఆగాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది.

ఆరుతడిలో ఎక్కువగా దెబ్బతీసేది యూరియా. దాని నుంచి వచ్చే అమ్మోనియం, ఆరిన నేలలో నైట్రేట్‌గా మారుతుంది. నీళ్లు పెట్టగానే అది నత్రజనిగా, నైట్రస్ ఆక్సైడ్‌గా ఎగిరిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. కాబట్టి ఆరిన మడిలో యూరియా చల్లి, వెంటనే నీళ్లు కట్టాలి. పచ్చి వరిగడ్డిని దమ్ములో తొక్కేస్తే ఆర్కియాకు విందు పెట్టినట్టే. కోత కాగానే, నీళ్లు పెట్టడానికి కనీసం నెల ముందే, పొడి దుక్కిలో కలిపేస్తే చాలావరకు గాలిలోనే కుళ్లిపోతుంది.

బోరు కింద ఇదంతా రైతు చేతిలోని పని. కాలువ శివారు ఆయకట్టులో అలా కాదు. మళ్లీ నీళ్లు ఏ రోజు వస్తాయో ముందే ఖాయంగా చెప్పందే అక్కడ మడి ఆరబెట్టమనడం న్యాయం కాదు.