ప్లేట్‌లెట్లకు కావాల్సింది డబ్బు కాదు, ఎవరిదో ఒక పూట: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో బ్లడ్ బ్యాంకులో డోనర్లను చూసుకునే పని నాది. క్యాన్సర్ వైద్యానికి నెల్లూరు, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చేవాళ్ళు, తెలుగు మాట వినబడితే చాలు, నా టేబుల్ దగ్గరికే వస్తారు. వాళ్ళకు కావాల్సింది ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు. వచ్చి అనే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఎంతైనా ఇస్తాం సార్, ఎవర్నో ఒకర్ని చూసి పెట్టండి."

అపోహ: డబ్బు పెడితే ప్లేట్‌లెట్లు దొరుకుతాయి.

దొరకవు. డబ్బిచ్చి రక్తం తీసుకోవడం 1998 జనవరి 1 నుంచి దేశమంతా నిషేధం. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన మార్పు అది. మీరు కట్టే బిల్లు వాటిని తీయడానికి వాడే కిట్‌కీ పరీక్షలకీ. పోనీ ముందే తీసి దాచుకుందామా అంటే, ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 రోజులు. అదీ 20-24 డిగ్రీల మధ్య, ఆపకుండా ఊపుతూ ఉంటేనే. కీమో పడిన బిడ్డకు ప్లేట్‌లెట్ల కౌంట్ 8 వేలకు దిగిన రోజున ఎవరో ఒకరు వచ్చి చెయ్యి చాపి కూర్చోవాలి. ముందు శాంపిల్ ఇచ్చి రిపోర్టుల కోసం ఆగాలి, ఆపైన రక్తంలోంచి ప్లేట్‌లెట్లను వేరుచేసే మిషన్ మీద గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. మామూలు రక్తదానంలా పది నిమిషాల్లో లేచి వెళ్ళే పని కాదు.

ఇది తెలియకే జనం బ్రోకర్ల చేతిలో పడుతున్నారు. నాయుడుపేట దగ్గర్నుంచి ఒకాయన వచ్చాడు, కూతురికి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. గేదెలమ్మిన డబ్బులోంచి ఎవడికో ఫోన్‌లో అడ్వాన్స్ పంపి, డోనర్ వస్తాడని మా మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. అవతల ఫోన్ స్విచాఫ్. ఆయన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఊరు కాని ఊరు, భాష రాదు, డాక్టరేమో రాత్రికల్లా ఎక్కించాలంటాడు. స్టాక్‌లో ఉన్న యూనిట్‌తో ఆ రాత్రి గట్టెక్కించాం. మరి రేపటికి? ఇక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరా అని గుచ్చి గుచ్చి అడిగితే, లాడ్జి కింద మెస్‌లో వడ్డించే ఉదయగిరి కుర్రాడి సంగతి చెప్పాడు. రోజూ ఇడ్లీ పెడుతూ "పాపకెట్లుంది మామా?" అని అడుగుతాడట. "అడగలేదా మరి?" అంటే, "పని చెడగొట్టుకుని ఎవరొస్తారులే సార్" అన్నాడు. అప్పుకైతే ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగొచ్చిన మనిషి!

మర్నాడు టిఫిన్ల రద్దీ తగ్గాక కుర్రాడు వచ్చాడు. మిషన్ మీద ఉండగా పెదాలు తిమ్మిరెక్కాయని కాస్త బెదిరాడు. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల అలా అవుతుంది, కాల్షియం మాత్ర ఇస్తే సర్దుకుంటుంది. పైన సంచి నిండుతుంటే చూసి "ఇదేంటన్నా, నిమ్మరసంలా ఉంది!" అన్నాడు.

అపోహ: టైమ్ లేనివాళ్ళు డబ్బు పంపినా అంతే.

ఇక్కడి ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసుల నుంచి తరచూ వినే మాట. పంపండి, మందులకు పనికొస్తుంది, కాదనను. సంచి మాత్రం నిండదు. ఇక ఆర్నెల్ల నాటి "అర్జెంట్" మెసేజ్‌ను నలభై గ్రూపుల్లో పడేసి సేవ చేశామనుకునే వాళ్ళకో దండం. ఆ నంబరుకు ముందు ఒక్క ఫోన్ కొట్టి కనుక్కోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇస్తే నీరసమొస్తుందంటారు. మిషన్ ఎర్రకణాలను తిరిగి ఒంట్లోకే పంపిస్తుంది, కౌంట్ రెండు మూడు రోజుల్లో మామూలవుతుంది. అందుకే 48 గంటలు ఆగి మళ్ళీ ఇవ్వొచ్చు, ఏడాదికి 24 సార్లు మించకుండా. రక్తసంబంధీకులే ఇవ్వాలనేదీ అబద్ధం. బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి చేయాల్సి రావొచ్చంటే వాళ్ళు ఇవ్వకపోవడమే మేలు. ఆస్పిరిన్ వేసుకుంటే మూడు రోజులు ఆగి రండి. బొప్పాయి ఆకు రసం గురించి నన్ను అడక్కండి.

ఒక్క మాట, ఊరంతటినీ ఒకే రోజు వ్యాన్ ఎక్కించి తేవద్దు. అందరి దగ్గరా ఒకేసారి తీస్తే వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తాం. ఎవరు సోమవారం రాగలరు, ఎవరు గురువారం రాగలరు అని కాగితం మీద రాసుకురండి, మిగతాది నేను చూసుకుంటాను. వచ్చేవాళ్ళకు కడుపునిండా టిఫిన్ పెట్టి పంపండి.