చిన్న ఫైలు, పెద్ద ప్రింటు: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో పెద్దవారు కాలం చేసినప్పుడు, పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఒక ఫోటో కావాలి. అప్పుడు కుటుంబం చేతిలో ఉండేది చాలాసార్లు వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫైలు, పెళ్లి గ్రూపు ఫోటోలో ఒక మూల కనిపించే ముఖం, లేదా ఫోను డీపీ. ఫోటో ల్యాబ్‌లో పనిచేసే మా ముందుకు తరచూ వచ్చే పని ఇదే. ఇటువంటి ఫైలుతో ఏమీ కాదని చెప్పి పంపించేవారు కొందరు, ఏదైనా అవుతుందని చెప్పి చివరకు ముఖమే మార్చి ఇచ్చేవారు మరికొందరు. రెండూ సరికావు. ఫైలులో ఎన్ని పిక్సెళ్లు (ఫోటోను కూర్చే చిన్న చిన్న రంగు చుక్కలు) ఉన్నాయో చూసుకుని, వాటికి తగిన కొలతను, కాగితాన్ని, వేలాడదీసే చోటును ఎంచుకుంటే తక్కువ రిజల్యూషన్ ఫోటో, అంటే తక్కువ పిక్సెళ్లున్న ఫోటో కూడా చక్కగా వస్తుంది.

అపోహ: ఫైలులో 72 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) అని ఉంటే దానిని 300కు మార్చి ప్రింటు తీయాలి.

వాస్తవం: ఆ అంకె ఫైలులో రాసి ఉన్న సూచన మాత్రమే. 1,600×1,200 కొలత ఉన్న ఫోటోలో 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా, ఉండేవి 19 లక్షల 20 వేల పిక్సెళ్లే. ఫోటోషాప్ ఇమేజ్ సైజ్ పెట్టెలో రీశాంపుల్ టిక్కు తీసేసి అంకెను మార్చి చూడండి: 72 దగ్గర పొడవు 22 అంగుళాలకు పైగా చూపిస్తుంది, 300 దగ్గర 5.33 అంగుళాలు చూపిస్తుంది, పిక్సెళ్లు మాత్రం కదలవు. టిక్కు ఉంచి మారిస్తే సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను బట్టి కొత్తవాటిని ఊహించి పూరిస్తుంది. ఫైలు బరువు పెరుగుతుంది తప్ప కెమెరా చూడని వివరం అందులోకి రాదు.

అపోహ: అంగుళానికి 300 పిక్సెళ్లు లేకపోతే ప్రింటు పగిలిపోతుంది.

వాస్తవం: 300 అనేది చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు సంబంధించిన లెక్క. మామూలు చూపు విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. పది అంగుళాల దూరం నుంచి చూసినప్పుడు అది అంగుళానికి సుమారు 340 పిక్సెళ్లకు సమానం, మూడు అడుగుల దూరానికి వెళితే సుమారు 95 చాలు. అందుకే ఆల్బంలో పెట్టే 4×6 అంగుళాల ప్రింటుకు 1,800×1,200 పిక్సెళ్లు కోరుకుంటాము. అదే లెక్కన 12×18 ప్రింటుకు 5,400×3,600, అంటే దాదాపు కోటీ 94 లక్షల పిక్సెళ్లు కావాలి. కానీ అంత పెద్ద ఫోటోను ఎవరూ ముక్కుకు ఆనించుకుని చూడరు. గోడ మీద వేలాడే 12×18కి అంగుళానికి 120 చొప్పున 2,160×1,440 ఉన్నా నిలబడుతుంది. కూడలిలో కట్టే ఫ్లెక్సీకి ఇంకా చాలా తక్కువ సరిపోవడానికి కారణం కూడా దూరమే. అయితే ఆత్మీయుల ముఖాన్ని చూడడానికి మనుషులు దగ్గరికి వస్తారు, చేత్తో తడుముతారు. కాబట్టి ముఖం ప్రధానంగా ఉండే ఫోటోలలో 120 కన్నా కిందికి దిగడానికి నేను ఒప్పుకోను. దిగవలసి వస్తే ప్రింటు కొలతనే తగ్గిస్తాను.

కొలత తగ్గించడం అంటే ఫ్రేమును తగ్గించడం కాదు. 640×640 పిక్సెళ్ల డీపీ ఒక్కటే మిగిలిన ఇంటివారికి 12×12 ప్రింటు తీసి ఇస్తే అంగుళానికి 53 పిక్సెళ్లే పడతాయి, కనురెప్పలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అదే ఫోటోను 5×5గా తీసి, చుట్టూ వెడల్పాటి తెల్లని మౌంటు బోర్డు పెట్టి అదే 12×12 ఫ్రేములో అమరిస్తే అంగుళానికి 128 పిక్సెళ్లు దక్కుతాయి. గోడ మీద ఫ్రేము నిండుగానే ఉంటుంది, ముఖం స్పష్టంగా ఉంటుంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ప్రింటుకు పనికిరాదు.

వాస్తవం: 12 మెగాపిక్సెళ్ల ఫోను 4,000×3,000 పిక్సెళ్లతో తీసిన ఫోటో మామూలు పద్ధతిలో పంపితే 1,600×1,200 దరిదాపులకు కుదించుకుపోతుంది. ఆ మిగిలినదానితో కూడా 4×6 ప్రింటుకు అంగుళానికి 266 పిక్సెళ్లు వస్తాయి, 5×7కి 228 వస్తాయి, రెండూ బాగుంటాయి. అసలు నష్టం ఫైలు బరువు తగ్గించడానికి చేసే కుదింపులో ఉంది. జేపెగ్ పద్ధతి ఫోటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలోని సన్నని తేడాలను తీసివేస్తుంది, పైగా రంగుల వివరాన్ని సాధారణంగా వెలుగు వివరం కన్నా తక్కువ పిక్సెళ్లలో దాస్తుంది. నుదుటి కుంకుమబొట్టు అంచు చర్మంలోకి పాకినట్టు కనిపించడానికి, వెనుక ఉన్న సాదా గోడ మీద గళ్లు తేలడానికి ఇదే కారణం. ఒకరి నుంచి ఒకరికి చేరే దారిలో కత్తిరించి మళ్లీ సేవ్ చేయడం, మళ్లీ పంపడం జరిగితే ప్రతిసారీ ఇంకొంత పోతుంది.

కాబట్టి ఏ మరమ్మతుకైనా ముందు ఆ ఫోటో తీసిన మనిషిని వెతకాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోనులోనో, పెళ్లికి వచ్చిన బంధువు ఫోనులోనో అసలు ఫైలు ఇంకా ఉండవచ్చు. దానిని వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపమనండి, అప్పుడు ఫైలు కుదింపు లేకుండా వస్తుంది, డ్రైవ్ లింకు ద్వారా పంపినా మంచిదే. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ అనే ఎంపిక ఉంది కానీ అందులోనూ కుదింపు ఉంటుంది. స్క్రీన్‌షాట్ మాత్రం తీయవద్దు. 3,000 పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఫోటో 1,080 పిక్సెళ్ల ఫోను తెరకు కుదించుకుపోయి, ఇక తిరిగి రాదు.

అపోహ: ఇప్పుడు ఏఐ ఉంది, ఎంత చిన్న ఫోటోనైనా పెద్దది చేయవచ్చు.

వాస్తవం: పెద్దది చేయవచ్చు, కానీ అందులో ఉండేది ఎవరన్నదే ప్రశ్న. అడోబీ 2021 మార్చిలో తెచ్చిన సూపర్ రిజల్యూషన్ వంటి సాధనాలు ఒక్కో వైపు రెట్టింపు చేసి, పిక్సెళ్లను నాలుగింతలు చేస్తాయి. శుభ్రమైన ఫైలు ఇస్తే చీర అంచు, జుట్టు, ఆకులు ఎంతో చక్కగా వస్తాయి, వాటిని నేనూ వాడతాను. గ్రూపు ఫోటోలో నలభై యాభై పిక్సెళ్ల వెడల్పున్న ముఖాన్ని ఇచ్చినప్పుడు పరిస్థితి వేరు. అక్కడ సాధనానికి చూడడానికి ఏమీ ఉండదు కనుక, తాను నేర్చుకున్న అసంఖ్యాక ముఖాల పోలికలతో కొత్త ముఖాన్ని అల్లుతుంది. చెంప మీది మచ్చ మాయమవుతుంది, ముక్కుపుడక మెరుపు చుక్కగా మారుతుంది, ముడతలు పోయి వయసు తగ్గుతుంది. వెనుక దుకాణం బోర్డు ఉంటే దాని మీది తెలుగు అక్షరాలను చూడండి: గుడులు, కొమ్ములు కలగలిసి ఏ భాషకూ చెందని గీతలుగా మారతాయి. అక్షరాలలో వెంటనే దొరికిపోయే ఈ తప్పు ముఖంలో ఇంటివారికి తప్ప వేరెవరికీ తెలియదు. అందుకే పాత ఫోటోను, పెంచిన ఫోటోను ఒకే కొలతలో పక్కపక్కన పెట్టి, ఆ మనిషిని బాగా ఎరిగినవారికి చూపించిన తరువాతే ప్రింటుకు పంపాలి. జ్ఞాపకంగా దాచుకునే ఫోటోలలో ముఖాన్ని తిరిగి తయారుచేసే ఆప్షన్‌ను ఆపివేసి, కొంచెం మెత్తగా ఉన్నా నిజమైన ముఖాన్నే ఇవ్వడం మా బాధ్యత అని నేను నమ్ముతాను.

అపోహ: షార్ప్‌నెస్ పెంచితే స్పష్టత వస్తుంది.

వాస్తవం: షార్ప్‌నెస్ అంచుల దగ్గర తేడాను పెంచుతుంది, జేపెగ్ గళ్ల అంచులను కూడా అంతే శ్రద్ధగా పెంచుతుంది. ముందు గళ్లను, మచ్చలను తగ్గించి, తరువాత ప్రింటు కొలతకు పెంచి, అన్నిటికన్నా చివర కొద్దిగా షార్ప్ చేయాలి. పెంచిన ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉంటే పైన సన్నని గ్రెయిన్ (పాత ఫిల్ము ఫోటోలలో కనిపించే రవ్వలాంటి గరుకు) కలపండి, చూపుకు స్పష్టత పెరిగినట్టే ఉంటుంది. తెర మీద చూసి నిర్ణయించకుండా, 12×18 ఫైలులో ముఖం ఉన్న 4×6 భాగాన్ని అదే కొలతలో కత్తిరించి ఒక చిన్న ప్రింటు తీయించండి. కొద్ది ఖర్చుతో పెద్ద ప్రింటు ఎలా వస్తుందో ముందే తెలుస్తుంది.

అపోహ: 2,400 డీపీఐ ప్రింటరైతే చిన్న ఫోటో కూడా బాగా వస్తుంది.

వాస్తవం: అది ప్రింటరు వేసే సిరా చుక్కల లెక్క, ఫోటోలోని పిక్సెళ్లది కాదు. ఒక్కో పిక్సెల్ రంగును చూపడానికి ఇంక్‌జెట్ ప్రింటరు చాలా చుక్కలు వాడుతుంది.

కాగితం విషయంలో కూడా గ్లాసీయే (మెరిసే కాగితమే) మేలన్న నమ్మకం బలంగా ఉంది. గ్లాసీ ప్రతి వివరాన్నీ చూపుతుంది, ప్రతి లోపాన్నీ చూపుతుంది. తక్కువ రిజల్యూషన్ ఫోటోకు మ్యాట్ (మెరుపు లేని కాగితం) గానీ, సన్నని గరుకు ఉన్న కాగితం గానీ, కాన్వాస్ గానీ నయం. ఆ గరుకులో పిక్సెళ్ల అంచులు కలిసిపోతాయి.

అపోహ: పాత ఫోటోను ఫోనుతో ఫోటో తీసి పంపితే చాలు.

వాస్తవం: అద్దం మెరుపు, వంకర, చేతి నీడ అన్నీ అందులో చేరతాయి. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటోను ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే 827×1,063 పిక్సెళ్లు వస్తాయి, 6×8 ప్రింటుకు అది సరిపోతుంది. చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకవద్దు, పైపొర ఊడి వస్తుంది. అద్దంతో సహా తెచ్చి ఇవ్వండి. ఇంట్లో పాత స్టూడియో కవర్లు ఉంటే వాటిలో నెగటివ్ ఉందేమో చూడండి. 24×36 మిల్లీమీటర్ల నెగటివ్‌ను ఫిల్మ్ స్కానర్‌లో 4,000 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే రెండు కోట్లకు పైగా పిక్సెళ్లు వస్తాయి, వాటితో 12×18 ప్రింటు ఏ మరమ్మతూ లేకుండానే తీయవచ్చు.