మీటరుకు అందని రొద: యాభై ఏళ్ల నేపథ్యం

రాత్రి చుట్టుపక్కల చప్పుళ్లన్నీ సద్దుమణిగాక, దూరంగా ఎక్కడో ఆపకుండా వదిలేసిన లారీ ఇంజిన్ శబ్దం లాంటి సన్నని రొద కొందరిని నిద్రపోనివ్వదు. పక్కనే పడుకున్నవారికి అది వినిపించదు. కిటికీలు మూస్తే తగ్గకపోగా పెరిగినట్టు అనిపిస్తుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేసినా ఆగదు. ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి, శబ్దాన్ని కొలిచే మీటరు పెట్టి, ఏమీ లేదని చెప్పి వెళ్లిపోతారు. వినేవారిని రొద కంటే ఎక్కువగా కుంగదీసేది ఈ మాటేనని నేను అనుకుంటాను.

ఈ ఫిర్యాదు నలుగురి దృష్టికీ వచ్చింది 1970లలో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం నుంచి. 1990ల ఆరంభంలో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, టావోస్ అనే చిన్న పట్టణవాసులు తమ గోడు ఆ దేశ చట్టసభ అయిన కాంగ్రెస్ దాకా తీసుకెళ్లారు. ఫలితంగా 1993లో లాస్ అలమోస్, శాండియా ప్రయోగశాలల నిపుణులు, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వారు కలిసి పరిశోధన జరిపారు. జనాభాలో సుమారు 2 శాతం మందికి రొద వినిపిస్తోందని వారు అంచనా వేశారు. తమకు వినిపించేదానితో సరిపోలే స్వరాన్ని ఎంచమన్నప్పుడు, బాధితులు 32 నుంచి 80 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) మధ్య ఉండే మంద్రస్వరాలనే చూపించారు. పరికరాలకు మాత్రం మూలం చిక్కలేదు.

మీటరు ఎందుకు మౌనంగా ఉంటుందో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1930ల దాకా వెళ్లాలి. మనిషి చెవి మంద్రశబ్దాలను తక్కువగా గ్రహిస్తుంది కాబట్టి, కొలతలోనూ వాటికి ప్రాధాన్యం తగ్గించే ‘ఎ’ తూనిక పద్ధతి అప్పట్లో రూపొందింది. రోడ్డు రద్దీ వంటి మామూలు చప్పుళ్లకు అది చక్కగా సరిపోతుంది. కానీ 40 హెర్ట్జ్ శబ్దం నుంచి అది దాదాపు 35 డెసిబెల్‌లు కోసేస్తుంది కనుక, గదిలో నిజంగానే ఉన్న రొద అంకెల్లో లేనట్టే తేలుతుంది. పైగా ఆ శబ్దపు తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్లు. గోడలు దాన్ని పెద్దగా ఆపలేవు. నాలుగు గోడల మధ్య తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, మంచం ఉన్న మూల బిగ్గరగా, గది మధ్యలో దాదాపు నిశ్శబ్దంగా ఉండవచ్చు. మీటరును గది నడిమధ్య పెట్టి చూసినవారికి ఏమీ కనబడకపోవడంలో వింత లేదు.

బ్రిటన్ ప్రభుత్వం కోసం సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2005లో తయారుచేసిన విధానం ఈ లోపాన్ని సరిదిద్దింది. దాని ప్రకారం 10 నుంచి 160 హెర్ట్జ్‌ల దాకా ఉన్న శ్రేణిని చిన్న చిన్న పట్టీలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని విడివిడిగా, తూనిక లేకుండా, ఫిర్యాదుదారు గదిలోనే కొలవాలి; వారు రొద విన్న వేళలను రాసిపెట్టుకుంటే, ఆ వేళలను కొలతలతో పోల్చి చూడాలి.

వెతికితే మూలం దొరికిన ఊళ్లూ ఉన్నాయి. అమెరికాలోని కోకోమోలో 2003 నాటి అధ్యయనం ఒక కర్మాగారపు కూలింగ్ టవర్ నుంచి 36 హెర్ట్జ్, మరోచోట కంప్రెసర్ నుంచి 10 హెర్ట్జ్ శబ్దాలు వస్తున్నాయని పట్టుకుంది. వాటిని సరిచేశాక కూడా కొందరికి రొద వినిపిస్తూనే ఉంది. అలాంటివారిలో కొందరికి అది చెవిలోనే పుట్టే శబ్దం కావచ్చు. ఎంత దూరం వెళ్లినా, ఏ ఊళ్లో పడుకున్నా రొద వెంటే వస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది, అప్పుడు చూపించుకోవలసింది చెవి వైద్యుడికి. అదీ వైద్యం అవసరమైన బాధే తప్ప భ్రమ కాదు.

కెనడాలోని విండ్సర్ ప్రజల కష్టం మరోరకం. 2011 నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నది ఆవల అమెరికా వైపున్న జగ్ ద్వీపపు ఉక్కు కర్మాగారమే మూలం కావచ్చని 2014లో వెలువడిన అధ్యయనం సూచించింది కానీ, సరిహద్దు దాటి ఆ ద్వీపంలో కొలతలు తీసే వీలు కెనడా పరిశోధకులకు దొరకలేదు. 2020లో అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌లను ఆపేశాక విండ్సర్‌లో రొద ఆగిపోయింది. ఆ తొమ్మిదేళ్లూ ఊరివారు చెబుతూ వచ్చింది నిజమేనని అలా తేలింది.